విప్పడమే విధేయత: పర్యవేక్షక సాఫ్ట్‌వేర్లలో అసురక్షిత డీసీరియలైజేషన్ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సర్వర్లు, అప్లికేషన్లు సక్రమంగా నడుస్తున్నాయో లేదో అహర్నిశలు కనిపెట్టి ఉండేది పర్యవేక్షక సాఫ్ట్‌వేర్. కాపలా కోసం పెట్టుకున్న ఈ సాఫ్ట్‌వేరే దాడికి ద్వారమైన సందర్భాలు 2015 నుంచి పదేపదే బయటపడుతున్నాయి. వాటిలో ఒక ముఖ్యమైన వర్గం ‘అసురక్షిత డీసీరియలైజేషన్’. చెన్నై కేంద్రంగా ఉన్న మేనేజ్‌ఇంజిన్, అమెరికాకు చెందిన సోలార్‌విండ్స్ ఉత్పత్తుల ఉదంతాల ఆధారంగా ఈ లోపం స్వభావాన్నీ, దానికి వేసిన అతుకుల తీరునూ, దానిని వర్ణించే సాంకేతిక భాషనూ ఈ వ్యాసం విమర్శకు పెడుతుంది. ఇందుకు జైమిని భారతంలోని చంద్రహాసుని లేఖావృత్తాంతాన్ని పోలికగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: డీసీరియలైజేషన్, పర్యవేక్షక సాఫ్ట్‌వేర్, జావా, మేనేజ్‌ఇంజిన్, సోలార్‌విండ్స్, చంద్రహాసుడు, సాంకేతిక పరిభాష.

1. ప్రవేశిక:

రాయవరంలో పంట నమోదు కోసమో, ధ్రువపత్రం కోసమో గ్రామ సచివాలయానికి వెళ్లిన రైతు ఒక్కోసారి వినవలసి వచ్చే మాట “సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి” అన్నది. సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న కరపలో ప్రారంభమైంది. అప్పటికి రాయవరం, కరప రెండూ తూర్పు గోదావరి జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో రాయవరం కోనసీమ అనే కొత్త జిల్లాలోకి వచ్చింది. ఈ కొద్ది కాలంలోనే ‘సర్వర్’ అన్నది వాన, కరెంటు, కాలువ నీరు వంటి నిత్యవ్యవహార పదమైపోయింది. అది ఎక్కడ ఉందో, దానిని ఎవరు చూసుకుంటారో అడిగేవారికీ తెలియదు, సమాధానం చెప్పే డిజిటల్ అసిస్టెంటుకూ తెలియదు.

ఎక్కడో ఉన్న అటువంటి సర్వర్లను కనిపెట్టుకుని ఉండటానికి వేరే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఏ కార్యాలయం ఏ సాఫ్ట్‌వేర్ వాడుతోందన్నది ఈ వ్యాసానికి సంబంధించిన విషయం కాదు. బ్యాంకు, ఆసుపత్రి, విద్యుత్ సంస్థ, ప్రభుత్వ శాఖ – పదుల సంఖ్యలో సర్వర్లున్న ఏ చోటైనా ఏదో ఒక పర్యవేక్షక సాఫ్ట్‌వేర్ అవసరమవుతుంది. ఆ కాపలాదారు వల్లే ఇల్లు గుల్ల కావడం ఇక్కడి సమస్య.

ఇటువంటి సందర్భానికి తెలుగులో వెంటనే స్ఫురించే సామెత ‘కంచే చేను మేయడం’. కానీ ఆ సామెత ఇక్కడ పూర్తిగా అతకదు. చేను మేసే కంచెలో దుర్బుద్ధి ఉంది. కాపలా పెట్టినవాడికి ద్రోహం ఉంది. ఈ ఉదంతాలలో కాపలాదారు నిజాయితీపరుడు, పైగా వినయశీలి. ఎవరు ఏ మూట తెచ్చి ఇచ్చినా విప్పుతాడు, మూటలో ఎలా విప్పమని రాసి ఉంటే అలా విప్పుతాడు. అతని నేరం ద్రోహం కాదు, విధేయత. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే ఈ లోపానికి చేసిన చికిత్సలు చాలావరకు తప్పుదారి పట్టాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. లస్కరు పని:

రాయవరం గోదావరి తూర్పు డెల్టాలోని ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ ప్రాంతపు సేద్యం కాలువల మీద, లాకుల మీద ఆధారపడింది. కాలువల మీద పనిచేసే లస్కరును ఇక్కడివారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. నీటి మట్టం చూడటం అతని పనే, పైనుంచి ఉత్తరువు వస్తే తలుపు ఎత్తడమూ అతని పనే. చూసే కన్ను, ఎత్తే చెయ్యి ఒకరివే కావడం ఆ ఉద్యోగంలోని సౌకర్యం, ప్రమాదం కూడా.

పర్యవేక్షక సాఫ్ట్‌వేర్ నిర్మాణం ఇంచుమించు ఇదే. ప్రతి సర్వర్ మీదా ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాము కూర్చుని ప్రాసెసర్ ఎంత శ్రమపడుతున్నదీ, జ్ఞాపకం ఎంత మిగిలిందీ, ఏ అభ్యర్థనకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందీ లెక్కగడుతూ ఒక కేంద్ర స్థానానికి పంపుతూ ఉంటుంది. కేంద్రంలో ఉండే సేకర్త వాటిని స్వీకరించి, గ్రాఫులు గీసి, మట్టం దాటితే హెచ్చరిస్తుంది. ఈ పని జరగాలంటే రెండు షరతులు తప్పవు. కేంద్రం వందలాది యంత్రాల మాట వినడానికి తలుపు తెరిచి ఉంచుకోవాలి. అవతలి యంత్రాల లోపలికి తొంగి చూడటానికి అధికారం, తరచుగా వాటి సంకేతపదాలు కూడా, దాని దగ్గర ఉండాలి. అందరి మాటా వినవలసినవాడి చేతిలోనే అందరి తాళంచెవులూ ఉండటం ఈ నిర్మాణంలో పుట్టుకతో వచ్చిన వైరుధ్యం. ఒక సాధారణ వెబ్‌సైటులో లోపం ఉంటే ఆ వెబ్‌సైటు పోతుంది. పర్యవేక్షక సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే అది చూసే ప్రతి యంత్రానికీ దారి దొరుకుతుంది.

3. మూట కట్టడం, మూట విప్పడం:

నడుస్తున్న ప్రోగ్రాములో సమాచారం ‘ఆబ్జెక్టులు’ అనే రూపంలో, ఒకదానికొకటి అల్లుకుని ఉంటుంది. దానిని వేరే యంత్రానికి పంపాలన్నా, ఫైలులో దాచాలన్నా ఆ అల్లికను ఒక వరుస బైట్లుగా మార్చాలి. ఇది సీరియలైజేషన్, అంటే మూట కట్టడం. అవతలి వైపు ఆ వరుస నుంచి మళ్లీ ప్రాణమున్న ఆబ్జెక్టులను నిలబెట్టడం డీసీరియలైజేషన్, అంటే మూట విప్పడం. జావా భాషలో ఈ సౌకర్యం 1997లో 1.1 సంచికతో వచ్చింది. ప్రోగ్రాము రాసేవారు దాదాపు శ్రమ లేకుండా ఎంత క్లిష్టమైన ఆబ్జెక్టునైనా తీగ మీద పంపగలిగారు. రెండు జావా ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి ఇంతకన్నా తేలిక మార్గం అప్పట్లో లేదు. పర్యవేక్షక సాఫ్ట్‌వేర్లలో ఎన్నో జావాలోనే పుట్టి, ఈ సౌకర్యాన్ని సహజంగానే వాడుకున్నాయి.

పైథాన్ భాషలో ఇదే పని చేసే భాగానికి ‘పికిల్’ అని పేరు పెట్టారు. నిల్వ ఉంచేది కనుక ఊరగాయ. కోనసీమవాసులకు నోరూరించే పోలికే గాని, మోసగించే పోలిక కూడా. హైదరాబాదు హాస్టలుకు పంపిన ఆవకాయ జాడీ మూత తీస్తే అందులో ఆవకాయే ఉంటుంది. పాడైతే వాసన వస్తుంది, పారేయవచ్చు. జాడీ మూత తీయడంతోనే అది లేచి వంటగదిలో పొయ్యి వెలిగించదు. డీసీరియలైజేషన్‌లో జరిగేది అదే. మూటలో వస్తువులతో పాటు ‘ఈ వస్తువును ఏ తరగతికి చెందినదిగా నిలబెట్టాలి’ అన్న ఆదేశమూ ఉంటుంది. ఆ తరగతిని నిలబెట్టే క్రమంలో దానికి చెందిన కొన్ని పనులు వాటంతటవే జరిగిపోతాయి. లోపల ఏముందో ప్రోగ్రాము పరిశీలించే సమయానికి జరగవలసినది జరిగిపోయి ఉంటుంది.

దాడి చేసేవాడు కొత్త కోడును మోసుకురావలసిన అవసరం కూడా లేదు. బాధిత ప్రోగ్రాములో ఇప్పటికే ఉన్న, విడివిడిగా నిరపాయకరమైన తరగతులను ఒక వరుసలో పేర్చితే చాలు. ఒకటి విప్పుకుంటూ రెండోదాన్ని పిలుస్తుంది, రెండోది మూడోదాన్ని, చివరిది యంత్రానికి ఆజ్ఞ ఇస్తుంది. ఈ గొలుసులను ‘గాడ్జెట్ చైన్లు’ అంటారు. క్రిస్ ఫ్రోహాఫ్, గాబ్రియేల్ లారెన్స్ 2015 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన ఒక భద్రతా సదస్సులో వీటిని ప్రదర్శించారు. జావా ప్రపంచంలో అడుగడుగునా కనిపించే అపాచీ కామన్స్ కలెక్షన్స్ గ్రంథాలయంలోని తరగతులే అందుకు సరిపోయాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు; ఇక్కడ ఇంట్లో దొంగలు లేరు, ఇంటి గిన్నెలూ చెంబులే ఎవరో పేర్చిన వరుసలో దొర్లి తలుపు గడియ తీశాయి.

4. చంద్రహాసుని లేఖ:

ఈ లోపాన్ని వివరించడానికి తెలుగు పాఠకునికి దగ్గరలోనే ఒక కథ ఉంది. పిల్లలమర్రి పినవీరభద్రుని జైమిని భారతం ద్వారా తెలుగువారికి పరిచయమై, నాటకాలుగా, సినిమాలుగా కూడా వచ్చిన చంద్రహాసుని కథ అది. మంత్రి దుష్టబుద్ధి చంద్రహాసుని చంపదలచి, కొడుకు మదనునికి ఒక లేఖ రాసి, ఆ లేఖను చంద్రహాసుని చేతికే ఇచ్చి పంపుతాడు. ఇతనికి ‘విషము’ ఇమ్మని అందులోని ఆదేశం. దారిలో ఉద్యానవనంలో నిద్రపోతున్న చంద్రహాసుని చూసిన మంత్రి కూతురు విషయ ఆ లేఖ విప్పి చదివి, ఒక్క అక్షరం మార్చి, ‘విషము’ అన్నచోట తన పేరు వచ్చేలా చేసి మళ్లీ యథాస్థానంలో ఉంచుతుంది. లేఖ అందుకున్న మదనుడు తండ్రి ముద్ర చూసి, ఆజ్ఞ శిరసావహించి, చెల్లెలిని ఇచ్చి పెళ్లి చేస్తాడు.

కథాశ్రోతలు శతాబ్దాలుగా ఇందులో దైవానుగ్రహాన్ని చూశారు. అది వారి దృష్టికి సహజమే. లేఖ స్వీకరించినవాని వైపు నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది. మదనుడు లేఖను చదవలేదు, అమలు చేశాడు. అతనికి ఆ రెండూ ఒకటే. లేఖలో విషమని ఉన్నా, విషయ అని ఉన్నా అతని చేతిలో జరగవలసిన ప్రక్రియలో తేడా లేదు. ఒక అక్షరం మారితే ఫలితం మరణం నుంచి కళ్యాణానికి మారిపోయిందంటే, ఆ ఇంటి భద్రత మొత్తం కాగితం మీద ఉన్న అక్షరానికి అప్పజెప్పి ఉందని అర్థం.

ఇక్కడ ఆగి చూడవలసిన మరొక కోణం ఉంది. లేఖ దారిలో మారకుండా ఉంటే? ముద్ర నిజమైనది, పంపినవాడు నిజమైనవాడు, అక్షరం చెక్కుచెదరలేదు. అయినా అతిథిగా వచ్చిన నిరపరాధికి విషం పెట్టవలసి వచ్చేది. ముద్ర లేఖ ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. లేఖలోని ఆదేశం అమలు చేయదగినదో కాదో చెప్పదు. పంపినదెవరన్న ప్రశ్న, లోపల ఉన్నదేమిటన్న ప్రశ్న, విప్పడమూ చేయడమూ ఒకటే కావచ్చునా అన్న ప్రశ్న – ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. గత పదేళ్ల ఉదంతాలలో మొదటి రెంటికే సమాధానాలు వెతికారు.

5. ఉదంతాలు:

2015 నవంబరు 6న ఫాక్స్‌గ్లవ్ సెక్యూరిటీ అనే బృందం ఐదు ప్రసిద్ధ ఉత్పత్తులలో ఒకే లోపాన్ని చూపుతూ ఒక సుదీర్ఘ రచన ప్రకటించింది. వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్, జెన్కిన్స్ సరసన ఐదవది ఓపెన్‌ఎన్‌ఎంఎస్. అది నెట్‌వర్క్ పర్యవేక్షక సాఫ్ట్‌వేర్. పెద్ద పేర్ల నీడలో ఆ ఐదవ పేరు మీద చర్చ తక్కువే జరిగింది. కాపలాదారుకూ ఈ రోగం ఉందని చెప్పే ఆధారం మాత్రం అక్కడే ఉంది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఒరాకిల్ సరిదిద్దిన సీవీఈ-2016-3427 మరింత మౌలికమైనది. జావా ప్రోగ్రాముల ఆరోగ్యాన్ని బయటి నుంచి చూడటానికి జావాలోనే ఉన్న ఏర్పాటు జేఎంఎక్స్. దూరం నుంచి వచ్చి చూడాలంటే ముందు పేరు, సంకేతపదం సమర్పించాలి. ఆ రెండింటినీ స్వీకరించే చోటే, ఏ తరగతి ఆబ్జెక్టులు రావచ్చన్న నియంత్రణ లేకుండా మూట విప్పడం జరిగేది. లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చేందుకు గుర్తింపు చీటీ తీసుకోబోయి, ఆ చీటీ చేతికే లొంగిపోవడమన్నమాట.

తెలుగు నేలకు దగ్గరగా ఉన్న ఉదంతం మేనేజ్‌ఇంజిన్‌ది. ఇది జోహో కార్పొరేషన్ విభాగం. కేంద్రం చెన్నై, రేణిగుంటలోనూ ఆ సంస్థకు కార్యాలయం ఉంది. భారతదేశంలో తయారై ప్రపంచమంతటా అమ్ముడవుతున్న పర్యవేక్షక సాఫ్ట్‌వేర్లలో దీని ఆప్‌మేనేజర్ పేరున్నది. ఆప్‌మేనేజర్‌లో ‘స్మార్ట్ అప్‌డేట్ మేనేజర్’ అనే భాగం ఉంది. ఉత్పత్తిని తాజాగా ఉంచడం దాని బాధ్యత. ఆ భాగం వినే తలుపు దగ్గర, ఎటువంటి గుర్తింపూ అడగకుండా, వచ్చిన జావా మూటను విప్పుతున్నట్లు సీవీఈ-2020-28653గా నమోదైంది. విండోస్ మీద సిస్టమ్ స్థాయి, లినక్స్ మీద రూట్ స్థాయి – అంటే యంత్రం మీద అంతకు మించి లేని అధికారం – దాడిచేసినవాడికి దక్కుతుంది. సంస్థ దానిని సరిదిద్దింది. విప్పే తరగతిలోనే అడ్డు పెట్టింది. ఆ అడ్డును మొత్తంగా దాటిపోయే మార్గం సీవీఈ-2021-3287గా మళ్లీ నమోదైంది, 12.5.329 సంచికతో దాన్నీ మూశారు.

అంతకు ముందు అదే సంస్థ డెస్క్‌టాప్ సెంట్రల్‌లో జరిగినది మరింత ప్రసిద్ధం. అది పర్యవేక్షణకు సోదర విభాగం. కార్యాలయంలోని కంప్యూటర్లన్నింటినీ ఒకచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్. అందులో గ్రాఫు బొమ్మలు గీసేందుకు వాడిన భాగం, అడిగిన పేరున్న ఫైలును తెరిచి అందులోని ఆబ్జెక్టును విప్పేది. మరొక భాగం బయటివారు ఫైలు పెట్టడానికి వీలిచ్చేది. ఒకటి పెట్టనిచ్చింది, రెండోది విప్పింది. విడివిడిగా చూస్తే రెండూ చిన్న అజాగ్రత్తలే. స్టీవెన్ సీలీ అనే పరిశోధకుడు 2020 మార్చి 5న సంస్థకు ముందుగా తెలియజేయకుండానే ఈ లోపాన్ని, దానిని నిరూపించే కోడును బహిరంగపరిచాడు. రెండు రోజుల్లోపే సంస్థ అతుకు విడుదల చేసింది. మార్చి 8 నుంచే ఏపీటీ41 అనే దాడి బృందం డజనుకు పైగా తమ ఖాతాదారుల మీద దానిని ప్రయోగించిందనీ, కనీసం ఐదుచోట్ల లోపలికి ప్రవేశించిందనీ ఫైర్‌ఐ సంస్థ అదే నెలలో నివేదించింది. ఇక్కడ పరిశోధకుని తొందరపాటును తప్పుపట్టక తప్పదు. మూడు రోజుల వ్యవధిలో ప్రపంచంలో ఎక్కడెక్కడి కార్యాలయాలో తమ సాఫ్ట్‌వేర్‌ను సరిచేసుకోలేవు. అయితే తొందరపాటు లోపాన్ని సృష్టించలేదన్నదీ అంతే నిజం. ఒక గ్రాఫు బొమ్మకు ఆబ్జెక్టుల మూట ఎందుకు అవసరమైందన్న ప్రశ్న ఆ వివాదంలో మరుగున పడింది.

సోలార్‌విండ్స్ పేరు 2020 డిసెంబరులో బయటపడిన సరఫరా మార్గపు దాడితో లోకానికి తెలిసింది. ఆ దాడికీ డీసీరియలైజేషన్‌కూ సంబంధం లేదు. కాని ఆ గందరగోళం చల్లారక ముందే, 2021 ఫిబ్రవరిలో, ట్రస్ట్‌వేవ్ పరిశోధకులు అదే ఒరియన్ పర్యవేక్షక వేదికలో సీవీఈ-2021-25274ను ప్రకటించారు. ఏజెంట్ల సమాచారాన్ని స్వీకరించే ‘కలెక్టర్ సర్వీస్’ మైక్రోసాఫ్ట్ సందేశ వరుసను వాడుతుంది. ఆ వరుసకు అనుమతుల కట్టడి లేదు. నెట్‌వర్క్‌లో ఎవరైనా అందులో సందేశం వేయవచ్చు. వేసినదాన్ని సేకర్త అసురక్షితంగా విప్పుతుంది. లస్కరు కాలువలో కొట్టుకొచ్చిన ప్రతి చీటీనీ పైఅధికారి ఉత్తరువుగా భావించి తలుపు ఎత్తడం వంటిది ఇది.

6. అతుకు మీద అతుకు:

పై ఉదంతాలలో విమర్శకు అసలు వస్తువు లోపం కాదు, దాని తరువాత జరిగినది. ఒరియన్ విషయంలో అతుకు తరువాత సేకర్త ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉందా అని చూడటం మొదలుపెట్టింది. సంతకం లేనివి పక్కకు పోతాయి. సందేశ వరుసలో మాత్రం అప్పటికీ ఎవరైనా సందేశం వేయవచ్చునని ట్రస్ట్‌వేవే రాసింది. చంద్రహాసుని కథ పరిభాషలో, ముద్ర పరీక్షించే మనిషిని పెట్టారు. అది అవసరమే, దారిలో అక్షరం మార్చేవారిని అది ఆపుతుంది. దుష్టబుద్ధే పంపిన లేఖను ఆపదు. ఏజెంటు ఉన్న ఒక్క యంత్రం శత్రువు వశమైతే నిజమైన ముద్రతోనే లేఖ వస్తుంది.

ఆప్‌మేనేజర్‌లో అడ్డు ఒక్కసారి దాటబడి మళ్లీ పెట్టవలసి వచ్చింది. సోలార్‌విండ్స్‌కే చెందిన వెబ్ హెల్ప్ డెస్క్‌లో ఇది ఇంకో మెట్టు దిగింది. 2024 ఆగస్టులో సీవీఈ-2024-28986 అనే జావా డీసీరియలైజేషన్ లోపాన్ని సరిదిద్దారు. ఆ అతుకును దాటే మార్గం సీవీఈ-2024-28988. దానికి వేసిన అతుకును దాటే మార్గం సీవీఈ-2025-26399. దాటుకు దాటు ఇదని సంస్థ ప్రకటనే ఒప్పుకుంది. మూడు అంకెలను ఒక వరుసలో చదివితే, మొదటి ప్రశ్నే తప్పుగా వేసుకున్నారన్న అనుమానం కలగక మానదు.

ఈ వైఫల్యానికి కారణం ఇంజినీర్ల అలసత్వమనడం న్యాయం కాదు. చెడ్డ తరగతుల జాబితా తయారుచేసి వాటిని రానివ్వకపోవడం ఇలాంటి చోట్ల తరచుగా ఎంచుకునే మార్గం. గొలుసులు పేర్చేందుకు పనికివచ్చే తరగతులు ఎన్ని ఉన్నాయో ముందుగా ఎవరికీ తెలియదు. ఒక ఉత్పత్తిలో పదుల కొద్దీ బయటి గ్రంథాలయాలు, ఒక్కోదానిలో వందల తరగతులు. నిషేధ జాబితా నిన్నటి దొంగల ఫొటోలు పోలీస్ స్టేషన్‌లో అతికించినట్లు ఉంటుంది. దీనికన్నా మెరుగైనది అనుమతి జాబితా: రావలసినవి ఇవి మాత్రమే, మిగిలినవన్నీ బయటే. జావా 9తో 2017లో వచ్చిన వడపోత సౌకర్యం దీనికి వీలు కల్పించింది. అదే ఏడాది జనవరిలో పాత జావా 8కూ దానిని అందించారు. 2021లో జావా 17 సందర్భాన్ని బట్టి వడపోత మార్చుకునే వెసులుబాటు ఇచ్చింది. కానీ ఇవన్నీ కోరుకుంటే వచ్చేవి. ఏమీ కోరుకోకుండా వదిలేస్తే అప్లికేషను స్థాయిలో జావా నేటికీ వచ్చిన మూటనల్లా విప్పుతుంది. ఈ సౌకర్యాన్ని 1997లో చేర్చడమే ఘోరమైన తప్పిదమని జావా వేదిక ప్రధాన రూపశిల్పి మార్క్ రైన్‌హోల్డ్ 2018లో బహిరంగంగా అంగీకరించారు. ఇరవై ఏళ్లకు పైగా లోకమంతా దాని మీద కట్టుకున్న ఇళ్లను మాత్రం ఆ అంగీకారం కూల్చి కట్టలేదు.

నియంత్రణ వైపు నుంచి భారతదేశంలో జరిగినది కొంత ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన గురించి తెలిసిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి, లాగులు 180 రోజులు భద్రపరచాలి. 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్‌లోని భాగాల పట్టిక ఎలా తయారుచేయాలో మార్గదర్శకాలు కూడా వెలువరించింది. గొలుసులు పుట్టేది ఆ భాగాల నుంచే కనుక రెండోది ఈ సమస్యకు ఎక్కువ ఉపకరిస్తుంది. అయితే లాగులు సేకరించి చూపించేదే పర్యవేక్షక సాఫ్ట్‌వేర్ అయినప్పుడు, సర్వాధికారంతో దానిలోకి చొరబడినవాడు తన అడుగుజాడలు చెరుపుకోగలడన్న చిక్కు ఉండనే ఉంటుంది.

7. పేర్లలోని పక్షపాతం:

లోపాల అంతర్జాతీయ వర్గీకరణలో దీని సంఖ్య సీడబ్ల్యూఈ-502. దాని ఆంగ్ల నామాన్ని తెలుగు చేస్తే ‘నమ్మదగని దత్తాంశపు డీసీరియలైజేషన్’ అవుతుంది. విశేషణం ఎక్కడ వాలిందో గమనించాలి. నమ్మదగనిది దత్తాంశమట, విప్పే చెయ్యి నిర్దోషి. ఓవాస్ప్ సంస్థ 2017 పట్టికలో ఎనిమిదవ స్థానంలో ‘అసురక్షిత డీసీరియలైజేషన్’ అని రాసినప్పుడు విశేషణం క్రియ మీదికి వచ్చింది. 2021 పట్టికలో ఆ శీర్షిక అంతరించి, ‘సాఫ్ట్‌వేర్, దత్తాంశ సమగ్రతా వైఫల్యాలు’ అనే విశాలమైన గొడుగు కిందికి చేరింది. మళ్లీ చూపు దత్తాంశం చెడిందా లేదా అన్నదాని మీదికి మళ్లింది. నాలుగేళ్లపాటు సరైనచోట ఉన్న వేలు పక్కకు జరిగింది. పేరు మారితే కోడు మారదనవచ్చు. పేరు మారితే వెతికే చోటు మారుతుంది, బడ్జెటు పెట్టే చోటు మారుతుంది. దత్తాంశం నమ్మదగనిదైతే ముద్ర పరీక్షించేవారిని కొంటారు. విప్పడమే ప్రమాదమైతే విప్పడం మానుకుంటారు.

సంస్థల ప్రకటనల వాక్యనిర్మాణమూ ఇటువంటిదే. ‘ప్రత్యేకంగా రూపొందించిన ఆబ్జెక్టు ద్వారా దాడిచేసేవాడు ఏ కోడునైనా నడపగలడు’ అన్న వాక్యంలో కర్త దాడిచేసేవాడు. వాస్తవంలో కోడు నడిపేది సర్వరే. అవతలివాడు కేవలం అడిగాడు. కర్తను మార్చడం వల్ల బాధ్యత కూడా చేతులు మారుతుంది.

తెలుగులో దీనికి ఇంకా స్థిరపడిన మాట లేదు. సంస్కృత ధాతువులతో ‘విశ్రేణీకరణ’ అని కల్పిస్తే పట్టికలో ఇమిడిపోతుంది గాని, ఏం జరుగుతుందో చెప్పదు. ‘మూట విప్పడం’ అంటే ప్రమాదం ఎక్కడుందో ఆ మాటే చెబుతుంది. ఊరు కాని ఊరి నుంచి ముక్కూ మొహం తెలియనివారు పంపిన మూటను రాయవరంలో ఎవరూ నట్టింట్లో విప్పరు. తెలుగు పత్రికలు ఇటువంటి వార్తలన్నింటినీ ‘హ్యాకింగ్’ అనే ఒకే డబ్బాలో వేస్తున్నాయి. ఆ మాట వినగానే చీకటి గదిలో ముసుగు మనిషి కళ్ల ముందు మెదులుతాడు. పగటి వెలుగులో మూట విప్పుతున్న సర్వర్ మెదలదు.

8. అంకెకు మూట ఎందుకు?

మూడవ ప్రశ్నకు, అంటే విప్పడమూ చేయడమూ ఒకటే కావలసిన అవసరముందా అన్నదానికి, పర్యవేక్షక రంగంలోనే సమాధానం ఉంది. ఏజెంటు పంపేదేమిటి? ప్రాసెసర్ వినియోగం 92 శాతం. మిగిలిన జ్ఞాపకం 3 గిగాబైట్లు. పట్టిన సమయం 410 మిల్లీసెకన్లు. ఇవి అంకెలు, వాటి పక్కన పేర్లు. వీటిలో ప్రాణమున్న ఆబ్జెక్టు ఒక్కటీ లేదు. బ్యాంకింగ్ లావాదేవీలోనో, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనో క్లిష్టమైన అల్లికలను పంపవలసిన అవసరం ఉందని వాదించవచ్చు. నీటి మట్టం చెప్పడానికి మనిషిని బస్తాలో కట్టి పంపనక్కరలేదు, గేజీ మీద అంకె చదివి చెబితే చాలు.

సౌండ్‌క్లౌడ్ సంస్థలో 2012లో మొదలైన ప్రొమీథియస్ ఈ మార్గమే పట్టింది. అది ఆయా యంత్రాల దగ్గరికి తానే వెళ్లి, సాదా అక్షరాలలో ఉన్న వరుసలను చదువుకుంటుంది: ఒక పేరు, ఒక అంకె. 2019లో రెండు పాత ప్రయత్నాల కలయికగా ఏర్పడిన ఓపెన్‌టెలిమెట్రీ, ప్రోటోబఫ్ అనే పద్ధతిలో సమాచారం పంపుతుంది. అందులో ఏ గడిలో ఏ రకం విలువ ఉండాలో ఇరువైపులా ముందే నిర్ణయించి ఉంటుంది, ఫలానా తరగతిని నిలబెట్టమని మూట ఆజ్ఞాపించలేదు. ఇటువంటి పద్ధతుల్లోనూ లోపాలు రావచ్చు. పొడవైన వరుస వచ్చి జ్ఞాపకం నిండిపోవచ్చు, అబద్ధపు అంకె వచ్చి గ్రాఫు తప్పు చూపవచ్చు. మదనుడికి ‘విషము’ అన్న మాట అందినా, దాన్ని అక్షరాలుగా చదివి తండ్రిని అడగడానికి వ్యవధి దొరికే పద్ధతులివి.

పాత పద్ధతిలో కట్టిన సాఫ్ట్‌వేర్లు మాత్రం కొనుగోలు ఒప్పందాల గడువు తీరే దాకా, కొన్నిచోట్ల తీరిన తరువాత కూడా, యంత్రాల గదులలో నడుస్తూనే ఉంటాయి. వాటిని మార్చాలంటే ప్రతి యంత్రం మీది ఏజెంటునూ మార్చాలి. అన్ని సర్వర్లనూ ఒకేసారి ముట్టుకునే ఆ పనికి సెలవురోజు రాత్రి కేటాయించాలి. ఏదైనా తప్పితే జవాబు చెప్పవలసిన ఉద్యోగి పేరు ముందే రాసి ఉంచాలి. అతుకు వేయడం ఒక పూట పని కనుక అతుకే వేస్తారు. ఆ పూట సర్వర్ ఆపవలసి వస్తుంది. ఎక్కడో ఒక సచివాలయంలో పట్టాదారు పాసుపుస్తకం చేతపట్టుకుని నిలబడిన మనిషికి ఆ రోజు కూడా “రేపు రండి” అన్న మాటే వినిపిస్తుంది.